ఐరిష్ పేర్ల యాప్‌కి 349 రూపాయలు కట్టాను, పేరు మాత్రం మా అమ్మ వియ్యపురాలే చెప్పింది

ముందే చెప్పేస్తాను, ఐదుకి రెండు స్టార్లు. ఆ రెండో స్టారు కూడా అడిగిన తొమ్మిది రోజులకైనా డబ్బులు వెనక్కి వేశారని. యాప్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఫోన్లో పిల్లల పేర్లు అని కొడితే ఇలాంటివి బోలెడు వస్తాయి, నేను దించుకుని చూసిన మూడిట్లో మూడూ ఇదే బాపతు, ఒకదాన్నే పట్టుకుని ఉతికితే మిగతా రెండూ మంచివనుకుంటారు.

సంగతేంటంటే, మా చెల్లెలు ఐర్లాండులో కార్క్ అనే ఊళ్లో నర్సు. అక్కడి అబ్బాయినే చేసుకుంది. పాప పుట్టింది, అనూరాధ నక్షత్రం, రెండో పాదం. మా అమ్మ మరుసటి రోజు పొద్దున్నే మా తిరుపతి బైరాగిపట్టెడలో తెలిసిన పంతులుగారి దగ్గరికి పోయి, క్యాలెండర్ చింపిన కాయితం వెనక నా, నీ, నూ, నే అని నాలుగక్షరాలు రాయించుకుని, అందులో 'నీ' చుట్టూ సున్నా చుట్టించుకుని వచ్చింది. చెల్లెలేమో ఫోన్లో, "అక్కా, పేరు ఐరిష్‌దే ఉండాలి, మా ఆయనకి అదొక్కటే కోరిక. అమ్మకి నోరు తిరగాలి, అర్థం బాగుండాలి, నక్షత్రం కుదిరితే ఇంకా మంచిది. మూడు నెలల్లోపు ఇక్కడ రిజిస్టర్ చేయించాలి, నువ్వే చూడు" అని నా నెత్తిన పెట్టింది. మా ఇంట్లో ఫోన్ పని ఏదున్నా నాకే వస్తుంది, గ్యాస్ బుకింగ్ నుంచి దర్శనం టికెట్ల దాకా.

ఈ యాప్‌లో నక్షత్రం, పాదం కొడితే సంస్కృతం పేర్లు ఉచితంగా చూపిస్తుంది, అది బాగానే ఉంది, ఒప్పుకుంటాను. విదేశీ పేర్లు కావాలంటే మాత్రం దేశానికి ఇంత అని కట్టాలి. ఐరిష్‌కి 349. కట్టగానే 'ఐరిష్ పేర్లు, అర్థాలు, మూలాలు' అని 38 పేజీల పీడీఎఫ్ వచ్చింది, మొదటి పేజీలో మూడాకుల గడ్డి బొమ్మ, పక్కనే వినాయకుడు. అంతా తెలుగు లిపిలోనే ఉండటం చూసి సంతోషపడ్డాను. ఆ సంతోషం రెండో పేజీ దాకా.

'నీ' కింద అది ఇచ్చిన మొదటి పేరు 'నియామ్హ్'. నేను చదివి వినిపిస్తే మా అవ్వ పడక్కుర్చీలోంచే, "నియమమా? ఏకాదశి నియమమా అది?" అంది. తర్వాతది 'నికోల్'. నికోల్ ఐరిష్ పేరు ఎప్పుడయిందో ఆ పీడీఎఫ్ చేసినవాళ్లకే తెలియాలి, అది గ్రీకు నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన పేరు. ఇక పేజీలు తిప్పేకొద్దీ సియోభాన్, కావోయిమ్హే, సావోయిర్సే, తాధ్గ్. ఇవి పేర్లా, గొంతులో ముల్లు ఇరుక్కుంటే వచ్చే చప్పుళ్లా అనిపించింది. చెల్లెలికి స్క్రీన్‌షాట్ పంపితే నవ్వి నవ్వి, వాళ్ల ఆయనకి చూపించి, ఇద్దరూ నవ్వి, అప్పుడు ఫోన్ చేసింది.

నియామ్హ్ కాదట, నీవ్. సియోభాన్ కాదు, షివోన్. కావోయిమ్హే అంటే కీవ, దక్షిణం వైపు కొందరు క్వీవ అంటారు. సావోయిర్సే అంటే సీర్ష, ఇంకొందరి నోట సర్ష. తాధ్గ్ ఏమో టైగ్, టైగర్లో చివరి ర్ తీసేసినట్టు.

ఇక్కడ యాప్ వాళ్లు చేసిన పని నాకు అర్థమయింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నదాన్ని యంత్రానికి ఇచ్చి అక్షరానికి అక్షరం తెలుగులోకి దింపేశారు. మనకి ఇంగ్లీషులో బి పక్కన హెచ్ కనబడితే 'భ', డి పక్కన హెచ్ ఉంటే 'ధ', భరత్, ధనలక్ష్మి రాసే అలవాటు. ఐరిష్‌లో ఆ హెచ్ ఒత్తు కాదు. వెనకటికి వాళ్లకి సొంత వరస అక్షరాలు ఉండేవి, హల్లు మెత్తబడాలంటే దాని నెత్తిన ఒక చుక్క పెట్టేవాళ్లు. 20వ శతాబ్దం మధ్యలో మామూలు రోమన్ అచ్చుకి మారినప్పుడు ఆ చుక్క పోయి దాని బదులు పక్కన హెచ్ వచ్చి కూర్చుంది. అంటే మనకి హెచ్ అక్షరాన్ని గట్టిపరుస్తుంది, వాళ్లకి కరిగిస్తుంది. బి కరిగితే వ, ఎమ్ కరిగినా వ. అందుకే నీవ్ చివర 'వ్'. ఇంకొకటి, వాళ్ల అచ్చుల్లో కొన్ని పలకడానికి కాదు, పక్కనున్న హల్లు ఎట్లా పలకాలో చెప్పడానికే ఉంటాయి. షాన్ పేరుని ఎస్, ఈ, ఏ, ఎన్ అని రాస్తారు, అందులో ఎస్ తర్వాత ఉన్న ఈ అనే అక్షరం ఆ స ని ష చేయడానికే కూర్చుంది, దానికి వేరే పనేం లేదు. అచ్చు మీద ఏటవాలుగా ఒక గీత పెడతారు, దాన్ని ఫాడ అంటారు, పొడుగు అని అర్థం. అది మన దీర్ఘమే, వేరే ఏం కాదు. షాన్ అనే పేరు మీద ఆ గీత తీసేస్తే 'ముసలి' అనే మాట మిగులుతుందట. మనకి కల, కాల తేడా చిన్నప్పుడు పలక మీద దిద్దబెట్టే చెప్తారు కాబట్టి ఇది మనకి అర్థం కానిదేం కాదు.

నా కోపం అసలు ఇక్కడే. ఇంగ్లీషు వాళ్లు ఈ పేర్లు చూసి తికమకపడితే అర్థం ఉంది, వాళ్ల రాత వేరు. మన లిపి ఎట్లా పలికితే అట్లా రాసుకునేది కదా. నీవ్, కీవ, షినేడ్, ఓర్ల అని తెలుగులో రాస్తే మా ఇంటెదురు టీ కొట్టాయన కూడా ఠక్కున చదివేస్తాడు. ఐరిష్ పేర్లు నేర్పడానికి తెలుగు లిపి కంటే సులువైనది ఇంగ్లీషులో కూడా లేదు, దాన్ని చేతిలో పెట్టుకుని తాధ్గ్ అని రాసినవాళ్లని ఏమనాలి.

దీనివల్ల నక్షత్రం వడపోత కూడా చెడిపోయింది. నేను 'నీ' కొడితే అది ఇంగ్లీషు ఎన్, ఐ తో మొదలయ్యేవి వెతికింది. నీషా అని పలికే పేరు ఒకటుంది, స్పెల్లింగ్‌లో ఎన్, ఏ, ఓ అని మొదలవుతుంది కాబట్టి దాన్ని 'నావోయిసే' అని రాసి 'నా' కింద పడేసింది. మా అమ్మ చెవిన నీషా పడగానే, "ఇది బాగుండాది కదే, నిషా లాగుంది" అని సంబరపడిపోయింది. పీడీఎఫ్ కూడా దాన్ని ఆడపిల్లల పట్టికలోనే పెట్టింది. తీరా చూస్తే పాత కథల్లో డీర్‌డ్ర అనే అందగత్తెని తీసుకుని పారిపోయిన వీరుడి పేరు అది, మగాడు, పైగా కథ చివర చచ్చిపోతాడు. ష తో పేరు కావాల్సిన వాళ్లయితే ఇంకా పాపం, షివోన్, షినేడ్, షాన్ అన్నీ స కిందే ఉన్నాయి.

అర్థాల దగ్గరికి వస్తే, ఈ యాప్‌కి తెలిసిన అర్థాలు మొత్తం ఆరు: బలవంతుడు, యోధుడు, అందమైనది, వెలుగు, దేవుడి వరం, రాజు. ఏ పేరు చూసినా ఈ ఆరింట్లో ఒకటి. లియమ్‌కి 'దృఢ సంకల్పం గల ఐరిష్ యోధుడు' అని రాశారు. లియమ్ అంటే ఉల్లియమ్ తోక, ఉల్లియమ్ అంటే ఐరిష్‌లో విలియమే, మన సుబ్రమణ్యంలోంచి మణి ఊడివచ్చినట్టు విలియమ్‌లోంచి ఊడివచ్చింది. విలియమ్ జర్మానిక్ మాట, ఇచ్ఛ, శిరస్త్రాణం అనే రెండు ముక్కలు. 1169లో మొదలుపెట్టి అప్పటికి ఇంగ్లండుని ఏలుతున్న నార్మన్లు ఐర్లాండుకి వచ్చి పడ్డప్పుడు వాళ్లతోపాటు వచ్చిన పేర్లలో అదొకటి. షాన్, షివోన్, షినేడ్ కూడా ఆ మూటలోవే, అన్నీ జాన్‌కి చుట్టాలు. అవి ఐరిష్ కావని నేననడం లేదు, ఎనిమిది వందల ఏళ్లుగా ఆ ఇళ్లల్లో తిరిగిన పేర్లు. 'మూలాలు' అని అట్ట మీద రాసి డబ్బులు తీసుకున్నప్పుడు ఆ ప్రయాణం ఒక్క లైను చెప్పాలి కదా.

కొలీన్ అనే పేరుకి మూడు గుండె గుర్తులు పెట్టి 'అచ్చమైన ఐరిష్ ఎంపిక' అన్నారు. ఆ మాటకి అమ్మాయి అని అర్థం, అంతే. ఐర్లాండులో కంటే అక్కణ్ణుంచి వలసపోయిన వాళ్ల ఇళ్లల్లోనే అది పేరయింది. మనలో అబ్బాయి అని పేరున్న తాతలు ఉన్నారు కాబట్టి నవ్వే హక్కు నాకు లేదులెండి.

బ్రిజిడ్‌కి 'బలం' అని రాశారు. అక్కడ వాళ్లకి ఇది చిన్న పేరేం కాదు, పాత కాలపు దేవతా, కిల్డేర్ అనే ఊరి పునీతురాలూ ఇద్దరూ ఆ పేరుతోనే ఉన్నారు, ఫిబ్రవరి 1 ఆమె పండగ, 2023 నుంచి ఆ పండగకి దేశమంతా సెలవు కూడా ఇస్తున్నారు. ఆ మాటకి అసలర్థం ఉన్నతమైనది అని. సంస్కృతంలో బృహతి ఉంది చూడండి, బృహత్, బృహస్పతి, బృహదీశ్వరుడు, ఆ మాటా ఈ మాటా ఒకే వేరు నుంచి వచ్చినవి. ఇది చదివాక నాకు ఒక రోజంతా వేరే పని చేయబుద్ధి కాలేదు. రీయన్ అంటే చిన్న రాజు, అందులో రీ అనేది మన రాజ శబ్దానికి దాయాది. ఏడన్ అనే పేరులో ఉన్న నిప్పు అనే మాట, మనం బంకులో పోయించుకునే ఇంధనం, రెండూ ఒక్క చోట పుట్టినవే. తెలుగువాడికి ఐరిష్ పేర్లు అమ్మేవాడు మొట్టమొదట చెప్పాల్సినవి ఇవి. 38 పేజీల్లో ఒక్కటి లేదు, లక్కీ కలర్ మాత్రం ప్రతి పేరు పక్కనా ఉంది.

అర్థాన్ని మార్చి రాసినవి కూడా ఉన్నాయి. కీయర అంటే నల్లనిది. కియరన్ అంటే నల్లనయ్య. యాప్ దాన్ని 'కాంతివంతమైన' అని రాసింది, ఎందుకో ఊహించడానికి పెద్ద కష్టపడక్కర్లేదు. కృష్ణుడు, శ్యామల, నల్లారి అని పిలుచుకునే జిల్లాలో నలుపుని దాచడమేంటి? కానర్ అనే పేరుని వేటకుక్కలంటే ఇష్టం ఉన్నవాడు అని చెప్తారు, దానికి 'నాయకుడు' అని వేశారు. వాళ్ల కథల్లో కుక్క చిన్న మాట కాదు, కూహులిన్ అనే వీరుడు చిన్నప్పుడు కులన్ అనే కమ్మరి కాపలా కుక్కని చంపి, ఆ తప్పుకి బదులుగా తనే ఆ ఇంటికి కుక్కలా కాపలా ఉంటానని మాటిచ్చాడు, ఆ పేరుకి అర్థమే కులన్ కుక్క. అది దాచేసి నాయకుడు అంటే ఏముంది అందులో.

సీర్ష ఒక్కటి సరిగ్గా రాశారు, స్వేచ్ఛ అని. కాకపోతే 'ప్రాచీన ఐరిష్ నామం' అన్నారు. మాట పాతదే, మనుషులకి పేరుగా పెట్టడం 20వ శతాబ్దంలో, వాళ్లు బ్రిటిష్ వాళ్ల మీద పోరాడి స్వతంత్రం తెచ్చుకున్న కాలంలో మొదలయింది. మన దగ్గర ఆ రోజుల్లో పుట్టిన ఆడపిల్లలకి స్వరాజ్యం, స్వరాజ్యలక్ష్మి అని పెట్టలేదూ, అచ్చం అదే. మా అవ్వకి ఆ పేరు వెంటనే నచ్చేసింది, వాళ్ల చిన్నమ్మ పేరు స్వరాజ్యమట. 'సీ' అక్షరం అయింది కానీ లేకపోతే అదే ఖాయమయ్యేది.

చివరికి పేరు తేలింది యాప్‌లో కాదు, ఒక ఆదివారం వీడియో కాల్‌లో. చెల్లెలి అత్తగారు కెర్రీ వైపు మనిషి, ఇంట్లో ఐరిష్ మాట్లాడే ఊరు. మా అమ్మ ఆమెని మొదటి రోజు నుంచీ వదినా అనే పిలుస్తుంది, ఆమె చాలా రోజులు అది మన భాషలో హలో అనుకుని తిరిగి "వదినా" అనేదట. ఆమె చెప్పింది, చెల్లెలు తెలుగు చేసింది. నీవ్ అంటే వెలుగు, ప్రకాశం. సముద్రం అవతల ఎప్పటికీ ముసలితనం రాని యవ్వన దేశం ఒకటుంది, టీర్ నా నోగ్, నీవ్ ఆ రాజు కూతురు. తెల్ల గుర్రమెక్కి వచ్చి ఓషీన్ అనే వీరుణ్ణి తనతో తీసుకుపోయింది. ఓషీన్ అంటే లేడిపిల్ల, వాళ్లమ్మ సైవ్‌ని ఒక మాంత్రికుడు లేడిగా మార్చేశాడు కాబట్టి ఆ పేరు. అక్కడ మూడేళ్లు ఉన్నాననుకుని ఇంటి మీద బెంగతో తిరిగివస్తే ఇక్కడ మూడు వందల ఏళ్లు గడిచిపోయి ఉన్నాయి, గుర్రం దిగొద్దు అని ఆమె చెప్పే పంపింది, దారిలో కాలు నేలకి తగిలింది, అంతే, ఆ క్షణంలోనే పండు ముసలివాడైపోయాడు.

మా అమ్మ ఊరుకుంటుందా. "మాకూ ఉంది వదినా ఇట్లాంటిది" అని మొదలుపెట్టి, రైవత రాజు కూతురు రేవతికి మొగుణ్ణి అడగడానికి బ్రహ్మలోకం పోయి, అక్కడ పాట అయిపోయేదాకా కూర్చుని, కిందికి వచ్చేసరికి ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోయిన కథ మొత్తం చెప్పింది. తర్జుమా చేయలేక చెల్లెలు చచ్చింది. అవతల పెద్దావిడ చెయ్యి బుగ్గకి ఆనించుకుని విన్నది విన్నట్టే ఉండిపోయింది. నాకు అప్పుడే అనిపించింది పేరు ఇదేనని.

నూలా కూడా కాసేపు పోటీలో నిలబడింది, అదీ అనూరాధకి సరిపోతుంది, మూడో పాదానికి. ఫినూలా అనే పేరుకి పొట్టిది, తెల్లని భుజాలు గలది అని అర్థం. ఆ ఫినూలాని, ముగ్గురు తమ్ముళ్లనీ సవతి తల్లి హంసలుగా మార్చేస్తే మూడు చోట్ల మూడు వందల ఏళ్ల చొప్పున తొమ్మిది వందల ఏళ్లు చలి నీళ్లల్లో ఉన్నారు. ఆ సవతి తల్లి పేరు ఈఫ. ఈఫ ఇప్పుడక్కడ మామూలుగా పెట్టుకునే పేరే, మనమైతే కైకేయి అని పెట్టుకోం.

వియ్యపురాలు ఇంకో మాట చెప్పింది. వాళ్ల పాత ఆచారంలో మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, మొదటి కూతురికి తల్లి తల్లి పేరు, రెండో కూతురికి తండ్రి తల్లి పేరు పెట్టేవాళ్లట. మా అమ్మ లెక్కేసుకుని, "అంటే ఈ బిడ్డకి నా పేరే రావాల" అని ఒక నిమిషం మౌనం. మా అమ్మ పేరు పద్మావతి, తిరుపతిలో రాయి విసిరితే తగిలే పేరు. కార్క్‌లో పాప స్కూల్లో ఎవరూ పలకలేరని చెల్లెలు మెల్లగా చెప్తే, "నియామ్హ్ అని పలికినారుగా, ఇదెంత" అంది. ఆ దెబ్బకి రెండో పేరుగా పద్మ చేరింది.

యాప్ వాళ్లకి ఇవన్నీ రాసి పంపాను, పలుకుబడి తప్పు, ఆడ మగ తప్పు, అక్షరం వడపోత తప్పు అని. మొదటి జవాబు 'మీ అభిప్రాయం మాకు అమూల్యం'. రెండోది మళ్లీ అదే. మూడోసారి డబ్బులు అడిగాక వేశారు. వినిపించే బటన్ ఒకటుంది, అదీ నొక్కి చూశాను, నయామ్ అంది. సంస్కృతం పేర్లకైతే వాడుకోండి, ఉచితం, అక్షరాల పట్టిక తప్పుల్లేకుండా ఉంది. ఐరిష్‌కి మాత్రం 349 పెట్టొద్దు, ఆ పేరున్న మనిషి తన పేరు తనే పలికే వీడియో ఏదో ఒకటి వెతికి వినండి, విన్నది విన్నట్టు తెలుగులో రాసుకోండి.

బారసాల ఆ నెలలోనే తిరుచానూరు దర్శనమయ్యాక మా ఇంట్లోనే చేశాం, పాప అక్కడ వీడియోలో, మేమిక్కడ. పళ్లెంలో బియ్యం పోసి నాన్న ఉంగరంతో నీవ్ అని రాశారు. మా అవ్వ ఫోన్ దగ్గరికి మొహం పెట్టి, "నీవా? నీవేనా? పేరు పెట్టి పిలిచినట్టే లేదే, ఎవర్నయినా ఇట్లనే కదా పిలిచేది" అని ఒకటే నవ్వు.

దానికి ముందు రోజు గాంధీ రోడ్డులో వెండి ఉగ్గుగిన్నె తీసుకుని పేరు కొట్టమని చీటీ ఇచ్చాను. సాయంత్రం తెచ్చుకుని చూస్తే గిన్నె అంచు కింద 'నీవు' అని ఉంది. ఇదేంటన్నా అంటే, "చీటీలో కొమ్ము మర్చిపోయినట్టుంటే నేనే పెట్టినానక్కా" అన్నాడు. చెరిపి మళ్లీ కొడతానన్నాడు కానీ అవ్వ చూసి అట్లనే ఉంచమంది.